పదో నంబరు స్పానరు

జనవరి 21, మంగళవారం

తెల్లవారి మంచు. తొమ్మిదింటిదాకా సాగర్ కాలువ కట్ట కనపడలేదు. మిరపకాయ మీద తడి ఆరిందాకా కూలీలని చేలోకి దించలేదు. రెండో కోత. కల్లంలో మొదటి కోత కాయ తిరగేశాం, నేనూ అన్నా.

మధ్యాహ్నం మార్క్ కారు తెచ్చి ఇచ్చాడు. వెనక బ్రేకులు రెండూ విప్పి కొత్త ప్యాడ్లు వేశాడు. హ్యాండ్‌బ్రేకు బాగా బిగువుగా ఉందన్నాను. "కొత్తవి కదా బావా, రెండొందల కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుంది. కేబులు మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు. లారీ తోలే రోజుల్లో వాడికి స్పానరు పట్టుకోవటం నేర్పింది నేను. ఇప్పుడు వాడు నాకు చెబుతున్నాడు. శాంతి తన తమ్ముడికి అన్నం పెట్టి, వాడు తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది.

జనవరి 27, సోమవారం

ఎండ. గుంటూరు మిర్చి యార్డుకి నమూనా కాయ తీసుకెళ్లాను. ధర లేదు. తిరిగొచ్చాను. వచ్చేటప్పుడు కుడి వెనక చక్రం వేడి, కాలిన వాసన. మార్క్‌కి చెబితే మళ్లీ పాఠం మొదలుపెడతాడు. నేనే చూసుకున్నాను. పది నిమిషాల పని.

ఫిబ్రవరి 4, మంగళవారం

అన్న కాలు.

ఫిబ్రవరి 6, గురువారం, గుంటూరు

కుడి కాలు మోకాలి కింద తీసేశారు. కాగితం మీద సంతకం నేను పెట్టాను.

ఫిబ్రవరి 9, ఆదివారం, గుంటూరు

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోకపోతే రేపు ఎవరైనా అడిగినప్పుడు తడబడతాను.

ఆ రోజు అద్దంకి వెళ్లి వస్తూ సరాసరి కల్లం దగ్గరికి పోయాను. కట్ట మీంచి కల్లంలోకి దిగే వాలులో కారు ఆపాను. వెనక భాగం కల్లం వైపు. హ్యాండ్‌బ్రేకు లాగాను. గేరులో వేశానో లేదో గుర్తులేదు. వేసే ఉంటాను. అన్న బస్తాలు తెచ్చి డిక్కీలో సర్దుతున్నాడు. అతని వెనక పక్క చేను బుడే ట్రాక్టరు ట్రక్కు నిలబెట్టి ఉంది. నేను కాటా దగ్గరున్నాను. పావుగంట తర్వాత కారు కదిలింది. చప్పుడు లేదు. అన్న అరిచాకే చూశాను. కారుకీ ట్రక్కుకీ మధ్య ఉన్నాడు.

వాలు మీద ఏ బండి ఆపినా చక్రం కింద రాయి పెట్టటం మా వైపు అలవాటు. మా డిక్కీలో ఎప్పుడూ ఒక నల్లరాయి ఉంటుంది. నాన్న ఎడ్లబండికి పెట్టిన రాయే. ఆ రోజు అన్న "రాయి పెట్టావా?" అని అడిగాడు. "మార్క్ మొన్నేగా చేసింది, ఇంకా రాయెందుకు" అన్నాను.

మార్క్ మీద నమ్మకంతో అన్నాను. మళ్లీ రాస్తున్నాను. మార్క్ మీద నమ్మకంతో.

ఫిబ్రవరి 13, గురువారం, గుంటూరు

మార్క్ వచ్చాడు. అన్న మంచం పక్కన నిలబడి ఏడ్చాడు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, "కేబులు ఎవరన్నా ముట్టుకున్నారా బావా?" అన్నాడు.

మనిషి కాలు పోయి పడుంటే వీడికి కేబులు కావాలి. భుజం పట్టుకుని గేటు దాకా తోసుకెళ్లాను. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు కాబట్టి సరిపోయింది. వాడు తెచ్చిన బత్తాయిల సంచి అన్న మంచం మీదే ఉండిపోయింది. అన్న ఒలుచుకుని తిన్నాడు. నేను ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

అన్నని ఇంటికి తెచ్చాం. వరండాలో మంచం వేశాం. వదిన పోయినప్పటి నుంచి అన్న మాతోనే ఉంటున్నాడు కాబట్టి కొత్తగా సర్దేదేమీ లేదు, చేతికర్రలు పెట్టుకోవటానికి గోడకి ఒక మేకు తప్ప.

మధ్యాహ్నం పిలిచాడు.

"ఒరేయ్ తోమా, యార్డు నుంచి వచ్చిన సాయంత్రం కారు ముందు సీట్లో బోర్లా పడుకుని ఏం చేశావు?"

"నేనెప్పుడు పడుకున్నాను?"

"పడుకున్నావు. నీ కాళ్లు బయటికున్నాయి. గడ్డి మోపుతో పోతా చూశా. పాము దూరిందేమో అనుకున్నా."

"నీకు మందుల మత్తు ఇంకా దిగలేదు. పడుకో."

"మత్తు ఇప్పుడు కదరా. అప్పుడు లేదుగా."

ఇంత పెద్ద మందులు వాడితే కొన్నాళ్లు ఏవేవో మాట్లాడతారని డాక్టరు ముందే చెప్పాడు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఎండ ముదిరింది. మూడో కోతకి మనుషులు దొరకలేదు. అద్దంకి రోడ్డు మలుపులో మార్క్ షెడ్డు ముందు ఐదు బళ్లున్నాయి. మా అన్న కాలు పోయింది. వాడి షెడ్డు ముందు ఐదు బళ్లు.

ఫిబ్రవరి 26, బుధవారం

ఇవాళా ఐదే.

మార్చి 1, శనివారం

సంఘపెద్ద ప్రేమ్‌చంద్ గారింటికి వెళ్లాను. రేపు నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. మా అన్నని కుంటివాణ్ణి చేసినవాడు అందరితో పాటు కూర్చుని రొట్టె తీసుకుంటే నేను గుడికి రానని చెప్పాను.

"బామ్మర్ది కదయ్యా" అన్నారు.

"బామ్మర్ది కాబట్టే మీ దగ్గరికొచ్చాను. వేరేవాడైతే ఇంకోచోటికి పోయేవాణ్ణి" అన్నాను.

ఇంటికొచ్చాక శాంతి అడిగింది, ఎక్కడికెళ్లారని. చెప్పాను. అన్నం కుండ కడిగి బోర్లించింది. మేమింకా తినలేదు.

మార్చి 2, ఆదివారం

ఆరాధనకి ముందు గుడి వెనక గదిలో కూర్చోబెట్టారు. ప్రేమ్‌చంద్ గారు, ఇంకో ఇద్దరు పెద్దలు. పాస్టరు అయ్యగారు గుమ్మంలో నిలబడ్డారు.

"మార్క్, ఏమంటావు?"

"నేను సరిగ్గానే బిగించానండి."

"మరి బండి దానంతటదే పోయిందా?"

"అది నాకు తెలియదండి. బావనే విప్పి చూడమనండి. నా చేతిపనిలో తప్పుందని తేలితే షెడ్డు మూసేస్తాను."

"విప్పుతాను. ఆ ముక్క తెచ్చి బల్ల మీద పెడతాను" అన్నాను.

"బల్ల మీదొద్దులే తోమా. తెల్లగుడ్డ, నూనె అంటుతుంది" అన్నారు ప్రేమ్‌చంద్ గారు.

సంగతి తేలిందాకా మార్క్‌ని బల్లకి దూరంగా ఉంచారు. వాడు వెనక వరసలో చాప మీద కూర్చున్నాడు. రొట్టె పళ్లెం వాడి ముందు నుంచి పక్కవాడి చేతికి పోయింది. వాడు తల వంచుకున్నాడు. మెడ వెనక చెమట కనపడింది. ఇన్నేళ్లలో నేను బల్ల అంత తృప్తిగా ఎప్పుడూ తీసుకోలేదు.

శాంతి తీసుకోలేదు. కడుపునొప్పి అంది.

మార్చి 5, బుధవారం

షెడ్డు ముందు మూడు బళ్లు.

స్పానర్ల పెట్టె తీశాను. ఎనిమిది, తొమ్మిది, ఖాళీ, పదకొండు. పదో నంబరు లేదు. బ్రేకులో గాలి తీసే నిపిలుకి అదే కావాలి. జనవరిలో మార్క్ వచ్చినప్పుడు పెట్టె వరండాలోనే ఉంది. వాడే తీసుకుపోయాడు. ఇంకెవరు తీస్తారు.

టీ కొట్టు దగ్గర చెప్పాను. మనిషి కాలూ తీశాడు, నా స్పానరూ తీశాడు అని. నవ్వారు. బుడే మాత్రం నవ్వకుండా, "నా దగ్గరుంది, పట్టుకుపో" అన్నాడు.

మార్చి 8, శనివారం

చేలో పని లేదు. పొద్దున్నే కారు కుడి వెనక వైపు విప్పాను. ముందు చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాను. అన్న మంచం మీంచి చూస్తూ, "ఇప్పుడు పెట్టు" అన్నాడు.

జాకీ ఎత్తి చక్రం తీశాను. ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ వెనక రెండు బోల్టులు. వాటిని విప్పి, పైపు మీద బరువు పడకుండా క్యాలిపర్‌ని తీగతో పైకి కట్టాను. అది జారే పిన్నులు రెండూ ఎండిపోయి ఉంటాయనుకున్నాను. వేలితో తోస్తే పోతున్నాయి, లాగితే వస్తున్నాయి. లారీలకి పూసే జిడ్డు గ్రీజు పూసి ఉంటాడు, రబ్బరు ఉబ్బి ఉంటుంది అనుకున్నాను. దీనికి వాడాల్సిన తెల్ల గ్రీజే పూశాడు. రబ్బరు తొడుగులు కొత్తవి. ప్యాడ్లు రెండూ సమానంగా అరిగాయి.

ఇక పిస్టను. ముందు చక్రాల పిస్టనుని నొక్కితే లోపలికి పోతుంది. వెనకది అలా కాదు, హ్యాండ్‌బ్రేకు మర దాని లోపలే ఉంటుంది. తిప్పుతూ పోనివ్వాలి. నొక్కితే మర విరుగుతుంది. తొందరగాడు కదా, బిగింపు పెట్టి నొక్కే ఉంటాడని అనుకున్నాను. నొక్కలేదు. తిప్పాడు. పిస్టను అంచున గీత కూడా లేదు. దాని మీది గాడి, ప్యాడ్ వెనక బుడిపె సరిగ్గా ఎదురెదురుగా కూర్చున్నాయి.

తిప్పాలని వాడికి నేనే ఎప్పుడో చెప్పి ఉంటాను.

ఎడమది చూడాలి.

మార్చి 9, ఆదివారం

మధ్యాహ్నం ఎడమది విప్పాను. అదీ అంతే.

మార్చి 13, గురువారం

షెడ్డు ముందు ఒక బండి. అది వాడిదే.

కుడి క్యాలిపర్ పైపు ఊడదీసి, పిస్టను బయటికి లాగి, లోపలి సీలు కూడా చూశాను. కొత్త సీలు. కిటికీ వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాను. అన్న ఉదయం నుంచి చూస్తూనే ఉన్నాడు.

"ఏం వెతుకుతున్నావురా?"

"తప్పు."

"దొరక్కపోతే?"

"ఉంటుంది."

మార్చి 15, శనివారం

అన్నీ బిగించాను. పైపు ఊడదీశాను కాబట్టి గాలి తీయాలి. ఒక మనిషి పెడలు తొక్కాలి. అన్నని అడగబోయి ఆగిపోయాను. శాంతిని పిలిచాను. చీర కుచ్చిళ్లు పైకి దోపి లోపల కూర్చుంది. నేను చక్రం దగ్గర కింద కూర్చుని, నిపిలుకి సన్న ట్యూబు పెట్టి, దాని కొన నూనె సీసాలో ముంచాను.

"తొక్కు."

"తొక్కాను."

"ఇంకో రెండుసార్లు. ఆఁ, అట్టే పట్టుకో. వదలొద్దు."

నిపిలు వదులు చేస్తే బుడగలు వచ్చాయి. మళ్లీ బిగించాను.

"వదులు. మళ్లీ తొక్కు."

"మా వాడి తప్పేమన్నా దొరికిందా?"

"తొక్కమంటున్నానా."

"తొక్కాను. దొరికిందా?"

"పట్టుకో. నేను చెప్పిందాకా వదలొద్దు."

"ఇరవై రెండేళ్ల నుంచి మీరు చెప్పిందాకా ఏదన్నా వదిలానా?" అంది లోపల్నించి.

పదిసార్లకి బుడగలు ఆగాయి. దిగి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లింది. సీసాలో నూనె మంచి రంగులో ఉంది. అదీ వాడు కొత్తగా పోసిందే.

మార్చి 19, బుధవారం

మబ్బు. చినుకు పడుతుందేమోనని కల్లంలో కాయ కుప్ప చేసి పట్టాలు కప్పాం. పడలేదు.

మూడింటికి కారు తీశాను. కాలు బ్రేకుకి రాయిలా ఆగుతోంది. హ్యాండ్‌బ్రేకు మాత్రం లాగితే పైదాకా వచ్చేస్తోంది. కేబులులో పట్టు లేదు. రెండు సీట్ల మధ్య మూత తీసి, దాని కింద ఉన్న బిగింపు నట్టు చూద్దామని ముందు సీట్లో బోర్లా పడుకున్నాను.

నట్టు పక్కన, కేబులు మీద, పదో నంబరు స్పానరు ఉంది.

నట్టు ఆరు మరలు వెనక్కి వచ్చి ఉంది. ఆ నట్టు పదో నంబరుదే.

అట్టే పడుకుని ఉన్నాను. ఎంతసేపో తెలియదు. మేక వచ్చి నా కాలు నాకింది.

లేచి ఈ డైరీలో వెనక్కి తిప్పాను. జనవరి 27. పది నిమిషాల పని అని ఉంది. నా రాతే.

నట్టు ఆరు మరలు బిగించాను. కాలువ కట్ట మీద ముప్ఫై కిలోమీటర్లు పోయి వచ్చి చక్రం ముట్టుకున్నాను. వేడి లేదు. వాలులో ఆపి చూశాను. కదల్లేదు.

స్పానరు పెట్టెలో దాని చోట పెట్టేశాను. అన్న చూస్తున్నాడు.

"ఇక అన్నీ ఉన్నట్టేనా?" అన్నాడు.

పెట్టె మూత వేశాను. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మార్చి 20, గురువారం

వాడు మొదట్లో అంత బిగువుగా పెట్టకపోతే నేను ముట్టుకునేవాణ్ణే కాదు. అసలు తప్పు అక్కడుంది. ముట్టుకోవద్దన్నాడే గానీ ఎందుకు ముట్టుకోవద్దో చెప్పలేదు. పనివాడన్నవాడు చెప్పాలి.

మార్చి 28, శుక్రవారం

షెడ్డు ముందు బళ్లు లేవు. తలుపు వేసి ఉంది. టీ కొట్టు దగ్గర ఇద్దరు అడిగారు, ఏం తేలిందని. "తేలుతుంది" అన్నాను. టీ సగం తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఎండకి కల్లంలో కాళ్లు కాలుతున్నాయి. ప్రేమ్‌చంద్ గారు గొడుగు వేసుకుని ఇంటికి వచ్చారు.

"ఎల్లుండి మళ్లీ బల్ల. ఏదన్నా దొరికిందా తోమా?"

"దొరకటం దొరక్కపోవటం కాదండి. ఆలోచించాను. వాణ్ణి క్షమించేస్తున్నాను."

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పెద్ద మనసన్నారు. అన్న మంచం మీద దగ్గాడు.

ఇదే మంచిది. క్షమిస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు. వాడు బల్ల దగ్గరికొస్తాడు. నేను రానిస్తే వచ్చానని జీవితాంతం గుర్తుంటుంది. ఇక నాకు ఏదీ ముట్టుకోవద్దని చెప్పడు. నా ముందు గొంతెత్తడు. షెడ్డు తెరిచినా, ఆ తెరవటం నా దయ.

ఏప్రిల్ 6, ఆదివారం

గుడి నిండా జనం. ఈస్టరు ముందు శ్రమకాలం కదా. అన్నని కుర్చీలో గుమ్మం పక్కన కూర్చోబెట్టాం. పాట అయ్యాక ప్రేమ్‌చంద్ గారు నన్ను లెమ్మన్నారు. లేచాను.

"మార్క్ చేసిన తప్పుని నేను క్షమించాను" అన్నాను.

ఆమెన్ అన్నారు. ఆడవాళ్ల వైపు ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

"రా మార్క్, ముందుకి రా" అన్నారు ప్రేమ్‌చంద్ గారు.

మార్క్ లేచాడు గానీ ముందుకి రాలేదు. చాప మీదే నిలబడి, "నా చేతిపనిలో ఏం దొరికింది బావా?" అన్నాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకురా. అయిపోయింది."

"సరే. నేను దొంగిలించానన్న స్పానరు, అదన్నా దొరికిందా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అందరూ నా వైపు చూశారు. ఆడవాళ్లలో మూడో వరసలో శాంతి ఉంది. తను నా వైపు చూడటం లేదు, ఒళ్లో బైబిలు మీద చేతులు పెట్టుకుని ఉంది. అన్న మాత్రం చూస్తున్నాడు.

"లేదు" అన్నాను.

మార్క్ ఒకసారి అన్న వైపు చూశాడు. తర్వాత చాప దాటి గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు వేసుకున్నాడు.

"ఒరేయ్ మార్క్, ఆ కర్రలందుకో. నేనూ వస్తా" అన్నాడు అన్న.

ఇద్దరూ మెట్లు దిగటం విన్నాను. కర్రల చప్పుడు కాసేపు వినపడింది. పళ్లెం నా దగ్గరికి వచ్చింది. అంతమంది చూస్తుంటే తీసుకోకుండా ఎలా ఉంటాను. తీసుకున్నాను.

ఏప్రిల్ 7, సోమవారం

పొద్దున లేచేసరికి స్పానర్ల పెట్టె వరండా మధ్యలో మూత తెరిచి ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. ఎవరు తెరిచారో అడగలేదు. కాళ్లకి తగలకుండా గోడ పక్కకి జరిపాను.

బుడేకి వాడి స్పానరు తిరిగిచ్చేశాను. "నీది దొరికిందా?" అన్నాడు.

ఏప్రిల్ 9, బుధవారం

ఉక్క. గాలి లేదు. కల్లంలో రంగు పోయిన తాలు కాయ ఏరించాలి. చెప్పిన నలుగురిలో ఒక్కరూ రాలేదు.

మార్క్ షెడ్డు ఖాళీ చేశాడు. వేటపాలెంలో జీడిపప్పు యంత్రాలు బాగుచేసే పనికి వెళ్తున్నాడు. పొద్దున ఏడున్నరకి ఆటోతో మా వాకిట్లోకి వచ్చాడు. నా కోసం కాదు. అన్న అప్పటికే చొక్కా వేసుకుని, చేతికర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అక్కడేం చేస్తావన్నా, కాలు లేకుండా?" అన్నాను.

"పప్పు ఏరటానికి కాలెందుకురా."

"ఇక్కడ నీకేం తక్కువైంది?"

అన్న మార్క్ భుజం పట్టుకుని ఆటోలో ఎక్కాడు. సర్దుకుని కూర్చున్నాక, "డిక్కీలో రాయుందా?" అని అడిగాడు.

"ఉంది."

"ఉంచుకో."

మార్క్ ఎక్కేముందు కారు వెనక చక్రం దగ్గర వంగి, క్యాలిపర్ బోల్టుని బొటనవేలితో తడిమి చూసి లేచాడు. అలవాటు.

శాంతి బావగారిని అద్దంకిలో బస్సెక్కించి వస్తానంది. చేతిలో సంచి ఉంది. దారిలో తినటానికి ఏదో కట్టిందనుకున్నాను.

ముగ్గురూ ఎనిమిదీ పదికి వెళ్లారు. అద్దంకి నుంచి మా ఊరికి పదకొండున్నరకి ఒక బస్సు, నాలుగింటికి ఒక బస్సు. రెండిట్లోనూ శాంతి రాలేదు.